22 ఆటలు, పైకి ఒక్కటే మెట్టు

ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ రెండో డివిజన్ 2021-22 సీజన్ పాయింట్ల పట్టికలో అరుదుగా కనిపించే అంకె ఒకటి ఉంది: మైనస్ 10. కోవెంట్రీ యునైటెడ్ అనే జట్టు లెక్కలో పడిన కోత అది. ఏ మ్యాచ్‌లోనో ఓడినందుకు పడింది కాదు. మైదానంలో దిగి ఆడినవాళ్ల తప్పు అందులో ఇసుమంత కూడా లేదు. క్లబ్ ఖజానా ఖాళీ అయితే ఆ శిక్ష జట్టు ఖాతాలో వేశారు. గెలుపుకు 3, డ్రాకు 1 చొప్పున పాయింట్లు వచ్చే లీగ్‌లో 10 అంటే మూడు గెలుపులు, పైన ఒక డ్రా. సీజన్‌లో ఆడినవన్నీ గెలిచినా ఏ జట్టుకైనా వచ్చేది 66 పాయింట్లే. అందులో 15 శాతం ఒక్క కలంపోటుతో పోయింది.

అదే సీజన్‌లో, అదే పట్టికలో అన్నిటికన్నా పైన ఉన్న పేరు లివర్‌పూల్. ప్రపంచంలో ఫుట్‌బాల్ పేరు విన్న ప్రతివారికీ తెలిసిన క్లబ్. మహిళల ఆటలో రెండో డివిజన్ అంటే ఏమిటో, అక్కడ సీజన్ ఎలా గడుస్తుందో అర్థం కావాలంటే ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పట్టిక చెప్పేది సగమే. మిగతా సగం జమాఖర్చుల పుస్తకంలో, లైసెన్సు దరఖాస్తుల్లో ఉంటుంది.

ముందు లీగ్ లెక్క చూద్దాం. ఆ ఏడాది జట్లు 12. ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ల మైదానంలో ఒకసారి ఆడాలి. అంటే జట్టుకు 22 ఆటలు, లీగ్ మొత్తానికి 132. ఆగస్టు చివర్లో మొదలై మే 1న ముగిసిన ఈ 132 ఆటలూ తేల్చేవి చివరికి రెండే విషయాలు. మొదటి స్థానంలో నిలిచిన ఒక్క జట్టు పై డివిజన్‌కు, అంటే మహిళల సూపర్ లీగ్‌కు ఎక్కేది. అట్టడుగున ఉన్న ఒక్క జట్టు మూడో శ్రేణికి దిగిపోయేది. రెండో స్థానానికి అప్పట్లో ఏమీ లేదు. ప్లేఆఫ్ కూడా లేదు. పురుషుల రెండో డివిజన్‌లోనైతే అప్పుడు మొదటి రెండు జట్లు నేరుగా వెళ్లేవి, తర్వాతి నాలుగు ప్లేఆఫ్ ఆడి మూడో చోటు కోసం పోటీపడేవి. ఏప్రిల్ దాకా సగం జట్లకు ఆశ ఉండేది. మహిళల రెండో డివిజన్‌లో ఫిబ్రవరి వచ్చేసరికే చాలా జట్లకు సీజన్ అయిపోయినట్టే ఉండేది. పైకి వెళ్లే దారి మూసుకుపోయేది, కింద పడే భయమూ ఉండేది కాదు. అయినా వారం వారం బస్సెక్కి వెళ్లి ఆడాలి. ఒకే జట్టు పైకి అన్న నిబంధన ఈ లీగ్‌కు జరిగిన పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. దాని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పట్టికలో పై వరుస. లివర్‌పూల్: ఆటలు 22, గెలుపు 16, డ్రా 4, ఓటమి 2, వేసిన గోల్స్ 49, ఇచ్చిన గోల్స్ 11, పాయింట్లు 52. ఈ అంకెల్లో నా చూపు ముందుగా పోయేది 49 మీదికి కాదు, 11 మీదికి. 22 ఆటల్లో 11 గోల్స్ అంటే సగటున రెండు మ్యాచ్‌లకు ఒక్కటి. గోల్ వేయడానికి ఒక మెరుపు చాలు. గోల్ ఇవ్వకుండా ఉండటానికి మాత్రం తొంభై నిమిషాలూ జట్టంతా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, అదీ ఎనిమిది నెలల పాటు. ఐర్లండ్‌కు చెందిన నీవ్ ఫాహీ కెప్టెన్‌గా, రేచల్ లాస్ గోల్‌కీపర్‌గా ఆ పని చేసిన జట్టు ఇది. రెండు ఓటముల్లో ఒకటి మొట్టమొదటి రోజే వచ్చింది. 2021 ఆగస్టు 29న సొంత మైదానంలోనే లండన్ సిటీ లయనెసెస్ చేతిలో 0-1తో ఓడారు. ఆ తర్వాత టైటిల్ ఖాయమయ్యేదాకా లీగ్‌లో ఎవరికీ తలవంచలేదు. 2022 ఏప్రిల్ 3న బ్రిస్టల్ సిటీ మైదానం ఆష్టన్ గేట్‌లో 4-2తో గెలిచి, ఇంకా రెండు ఆటలు మిగిలి ఉండగానే మొదటి స్థానాన్ని సొంతం చేసుకున్నారు. రెండో డివిజన్ మహిళల మ్యాచ్‌కు ఆ రోజు ఐదు వేలకు పైగా జనం వచ్చారు.

అయితే లివర్‌పూల్ లాంటి క్లబ్ రెండో డివిజన్‌లో ఎందుకుంది? అక్కడే అసలు కథ ఉంది.

2013లోనూ 2014లోనూ ఇంగ్లండ్ మహిళల లీగ్ విజేత లివర్‌పూలే. రెండుసార్లూ కోచ్ మాట్ బియర్డ్. 2014లో గోల్ తేడా మీద గెలిచిన టైటిల్ అది. ఆరేళ్లు తిరిగేసరికి, 2019-20లో ఆ జట్టు పరిస్థితి ఇది: 14 ఆటలు, 1 గెలుపు, 3 డ్రాలు, 10 ఓటములు, 6 పాయింట్లు. కోవిడ్ వచ్చి మార్చిలో సీజన్ ఆగిపోయింది, తిరిగి మొదలవలేదు. జట్లన్నీ ఒకే సంఖ్యలో ఆటలు ఆడలేదు కాబట్టి ఆటకు సగటు పాయింట్లు తీసి స్థానాలు తేల్చారు. లివర్‌పూల్‌ది 6ను 14తో భాగిస్తే 0.43. దాని పైనున్న బర్మింగ్‌హామ్ సిటీ 13 ఆటల్లో 7 పాయింట్లు తెచ్చుకుంది, అంటే 0.54. పదో వంతు పాయింట్ తేడాతో, కాగితం మీద వేసిన భాగహారంతో, ఒకప్పటి చాంపియన్లు కింది డివిజన్‌కు దిగారు.

ఆ నిర్ణయం వెలువడింది 2020 జూన్ మొదటి వారంలో. అదే నెల 25న లివర్‌పూల్ పురుషుల జట్టు ముప్పై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ లీగ్ టైటిల్ గెలిచింది. ఒకే చొక్కా, ఒకే చిహ్నం, ఒకే నెల. ఒక జట్టు శిఖరం మీద, మరో జట్టు మెట్టు కిందికి. డబ్బు లేక పడిన జట్టు కాదది. డబ్బున్న ఇంట్లోనే పట్టించుకునేవాళ్లు లేక పడింది. సొంత నగరంలో సొంత మైదానం కూడా లేకుండా మెర్సీ నదికి అవతల బర్కెన్‌హెడ్‌లో, ట్రాన్‌మీర్ రోవర్స్ వాళ్ల ప్రెంటన్ పార్క్‌లో మ్యాచ్‌లు ఆడుకునేవాళ్లు.

రెండో డివిజన్‌లో మొదటి ఏడాది, 2020-21లో, లివర్‌పూల్‌కు దక్కింది మూడో స్థానం. ఆ ఏడాది లెస్టర్ సిటీ 20 ఆటల్లో 16 గెలిచి 50 పాయింట్లతో పైకి వెళ్లింది. లెస్టర్ మహిళల జట్టును సరిగ్గా సీజన్‌కు ముందే పురుషుల క్లబ్ యాజమాన్యం తన చేతుల్లోకి తీసుకుని పూర్తి కాలపు వృత్తి జట్టుగా మార్చింది. పెట్టుబడి పెట్టిన ఏడాదే ఫలితం వచ్చింది. మూడో స్థానంతో సరిపెట్టుకున్న లివర్‌పూల్ 2021 వేసవిలో మాట్ బియర్డ్‌ను మళ్లీ పిలిపించుకుంది. ఆయన వచ్చిన ఏడాదే పైకి చేర్చారు. 2022 సెప్టెంబరు 25న పై డివిజన్‌లో తొలి మ్యాచ్‌లోనే, అప్పటి చాంపియన్ చెల్సీని 2-1తో ఓడించారు. రెండు గోల్స్ కూడా కేటీ స్టెంగెల్ వేసిన పెనాల్టీలే. పడిపోయిన జట్టును నిలబెట్టడంలో ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్‌లో బియర్డ్‌కు సాటివచ్చేవాళ్లు తక్కువ. 2025 సెప్టెంబరులో, 47 ఏళ్లకే, ఆయన చనిపోయారు.

ఈ లీగ్ ఎటు కదులుతోందో చెప్పే చిన్న లెక్క ఒకటుంది. ఏటా మొదటి స్థానంలో నిలిచిన జట్టు ఆటకు సగటున ఎన్ని పాయింట్లు తెచ్చుకుందో చూడండి. 2018-19లో, కొత్తగా ఏర్పడిన మాంచెస్టర్ యునైటెడ్ మహిళల జట్టు 20 ఆటల్లో 18 గెలిచి 55 పాయింట్లు తెచ్చుకుంది: సగటు 2.75. వేసిన గోల్స్ 98, ఇచ్చినవి 7. మొదటి లీగ్ మ్యాచ్‌లోనే ఆస్టన్ విల్లా మీద 12-0. మరుసటి ఏడాది, ఆ 12 గోల్స్ తిన్న ఆస్టన్ విల్లాయే ఆగిపోయిన సీజన్‌లో 14 ఆటల్లో 13 గెలిచి 40 పాయింట్లు తెచ్చుకుంది: సగటు 2.86. లెస్టర్ వచ్చేసరికి 2.5. లివర్‌పూల్‌కు 2.36. తక్కువ ఆటల లెక్క కాబట్టి విల్లా అంకెను కొంచెం పక్కన పెట్టినా దిశ స్పష్టమే. పైకి వెళ్లే జట్టుకు దారి ఏటేటా కష్టమవుతోంది, మిగతా జట్లు గట్టిపడుతున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్ వేసిన 98 గోల్స్‌లో సరిగ్గా సగం లివర్‌పూల్‌వి. లివర్‌పూల్ జట్టు బలహీనమని దీని అర్థం కాదు, ఎదుటి జట్లు బలపడ్డాయని అర్థం. లీగ్ ఆరోగ్యానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలియదు.

అయితే ఆ గట్టిపడటానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

2021లో మొదలైన మూడేళ్ల టెలివిజన్ ఒప్పందం విలువ ఏడాదికి సుమారు 80 లక్షల పౌండ్లు. స్కై, బీబీసీ కలిసి ఇచ్చిన ఈ మొత్తంలో 75 శాతం పై డివిజన్‌కు, 25 శాతం రెండో డివిజన్‌కు. అంటే రెండో డివిజన్ వాటా సుమారు 20 లక్షల పౌండ్లు. పన్నెండు క్లబ్బుల మీద సగటు తీస్తే ఒక్కొక్కదానికి లక్షా 66 వేల పౌండ్ల దాకా వస్తుంది. పాతిక మంది క్రీడాకారిణులు, కోచ్‌లు, ఫిజియో, వైద్యం, ప్రయాణం, మైదానం అద్దె, ప్రాక్టీసు స్థలం ఇన్నీ నడవాలంటే అది ఏ మూలకూ చాలదు. లీగ్‌కు పేరిచ్చే స్పాన్సర్ కూడా ఆ సీజన్‌లో లేదు. పై డివిజన్‌కు ఉన్న బార్క్‌లేస్ బ్యాంకు రెండో డివిజన్‌కు కూడా పేరిచ్చింది తర్వాతి ఏడాది నుంచే.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నడిపే ఎఫ్ఏ కప్ లెక్క ఇంకా బాధ కలిగిస్తుంది. 2022లో మహిళల ఎఫ్ఏ కప్ గెలిచిన జట్టుకు ఫైనల్ బహుమతి 25 వేల పౌండ్లు. అదే ఏడాది పురుషుల కప్ విజేతకు 18 లక్షల పౌండ్లు. ఒకదానికి మరొకటి 72 రెట్లు. చెల్సీకి 25 వేలు ఒక లెక్క కాకపోవచ్చు. కింది డివిజన్ల జట్టుకు కప్‌లో ఒక రౌండు దాటితే వచ్చే సొమ్ము నెల ఖర్చుల మాట. ఈ తేడా మీద గొంతెత్తిన క్లబ్ కూడా రెండో డివిజన్‌దే. ఇంగ్లండ్ దక్షిణాన, ససెక్స్‌లోని చిన్న పట్టణం లూయిస్ జట్టు అది. 2017 నుంచి తమ పురుషుల జట్టుకూ మహిళల జట్టుకూ సమానంగా నిధులు ఇస్తున్న క్లబ్. అభిమానులే యజమానులు. వాళ్లలాంటి వాళ్లు పట్టుబట్టిన తర్వాత 2022-23 నుంచి మహిళల కప్ మొత్తం బహుమతి నిధి 30 లక్షల పౌండ్లకు పెరిగింది.

అంకెల్లో కనిపించని ఖర్చు ఇంకొకటుంది. రెండో డివిజన్‌లో ఆడేవాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్ ఒక్కటే బతుకుతెరువు కాదు. పగలు వేరే ఉద్యోగమో చదువో, సాయంత్రం ప్రాక్టీసు, ఆదివారం మ్యాచ్. అలాంటి జట్టు పూర్తి కాలపు వృత్తి జట్టుగా మారిందంటే, ఆ అమ్మాయిలు చేతిలోని ఉద్యోగం వదులుకుని క్లబ్ మాట నమ్మారని అర్థం. కోవెంట్రీ యునైటెడ్ అలా మారింది 2021 వేసవిలో.

ఆ డిసెంబరు 5న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మహిళల ఎఫ్ఏ కప్ ఫైనల్ జరిగింది. సరిగ్గా వందేళ్ల కిందట, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన కింద ఉన్న ఏ క్లబ్ మైదానంలోనూ ఆడవాళ్లను ఆడనివ్వరాదని తీర్మానించింది. అర శతాబ్దం పాటు ఆ నిషేధం నిలిచింది. శతాబ్ది రోజున వెంబ్లీలో 40,942 మంది కూర్చుని ఆర్సెనల్ మీద చెల్సీ గెలుపు చూశారు. ఆ సంబరం జరిగిన 18 రోజులకు, డిసెంబరు 23న, కోవెంట్రీ క్రీడాకారిణులకు కబురు అందింది: క్లబ్ మూతపడుతోంది, మీ ఒప్పందాలు రద్దవుతున్నాయి. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, సీజన్ మధ్యలో, పన్నెండు జట్లలో ఒకటి మాయమయ్యే పరిస్థితి. అభిమానులు చందాలు పోగుచేశారు. జనవరి 4న, గడువు ముగిసే ఘడియల్లో, ఎనర్జీ ఏంజెల్స్ అనే వ్యాపార సంస్థ క్లబ్‌ను తీసుకుని నిలబెట్టింది. దివాలా అంచుకు వెళ్లినందుకు ఫుట్‌బాల్ సంఘం 10 పాయింట్లు కోసింది.

నిబంధన ఎందుకుందో అర్థం చేసుకోవచ్చు. అప్పులు ఎగ్గొట్టి ఆటలో లాభపడే క్లబ్బులను ఆపాలి. కానీ ఉద్యోగాలు వదులుకుని వచ్చి, జీతాలు ఆగిపోయి, పండుగ ముందు రోడ్డున పడబోయిన వాళ్ల మీద ఆ నిబంధన ప్రయోగిస్తే శిక్ష పడింది ఎవరికి? ఈ ప్రశ్నకు ఏ పట్టికలోనూ జవాబు దొరకదు.

పది పాయింట్ల కోతతో కోవెంట్రీ అడుగుకు చేరింది. మిగిలిన నెలల్లో ఒక్కో పాయింటూ కూడబెట్టుకుంటూ చివరి రోజుకు వచ్చింది. 2022 మే 1. ప్రత్యర్థి వాట్‌ఫర్డ్. పట్టికలో దిగువన ఉన్న ఆ రెండు జట్లలో ఎవరు కిందికి వెళ్లాలో వాళ్లిద్దరి మధ్య మ్యాచే తేల్చే విచిత్రమైన కలయిక. వాట్‌ఫర్డ్‌కు డ్రా చాలు. కోవెంట్రీకి గెలుపు తప్ప దారి లేదు. తొంభై నిమిషాలు అయిపోయాయి, స్కోరు 0-0. అంటే ఆ క్షణాన కింద పడిన జట్టు కోవెంట్రీ. అదనపు సమయం నడుస్తోంది. 97వ నిమిషంలో కోవెంట్రీకి ఫ్రీకిక్ దొరికింది. మోలీ గ్రీన్ బంతి వెనక నిలబడింది. కొట్టిన బంతి నేరుగా గోల్‌లోకి వెళ్లింది. 1-0. ఇంకేం ఆట మిగల్లేదు. డివిజన్‌లో కోవెంట్రీ నిలిచింది, వాట్‌ఫర్డ్ దిగింది. 132 ఆటల లీగ్‌లో దిగిపోయే జట్టు ఏదన్నది ఆఖరి ఆట ఆఖరి నిమిషాల్లో ఒక్క తన్నుతో తేలింది.

అక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. మరుసటి ఏడాదే, 2022-23లో, కోవెంట్రీ అడుగున నిలిచి దిగిపోయింది. ఆ వేసవిలో పేరూ ఊరూ మార్చుకుని రగ్బీ బరో అయింది. వాట్‌ఫర్డ్ 2023లో తిరిగి ఎక్కి, 2024లో మళ్లీ దిగింది. ఈసారి లూయిస్ కూడా వాళ్లతో పాటు దిగింది, ఎందుకంటే ఆ ఏడాది నుంచి దిగే జట్లు రెండు. సమాన నిధుల జెండా ఎత్తిన క్లబ్ మూడో శ్రేణికి వెళ్లడం చూసి నాకు మనసు కష్టమైంది. పెద్ద పురుషుల క్లబ్ వెనక లేని జట్టుకు ఈ డివిజన్‌లో ఊపిరి ఆడటం ఎంత కష్టమో దానితో తెలిసింది.

ఇక లైసెన్సు సంగతి. ఇంగ్లండ్‌లో మహిళల రెండో డివిజన్ మొదలైంది 2014లో, పది జట్లతో. తొలి విజేత సండర్లాండ్. 2018లో పై రెండు డివిజన్లనూ పునర్వ్యవస్థీకరించినప్పుడు ఫుట్‌బాల్ సంఘం ప్రతి క్లబ్బునూ దరఖాస్తు పెట్టుకోమంది. మొదటి డివిజన్‌లో ఉండాలంటే పూర్తి కాలపు వృత్తి జట్టు కావాలి, యువ క్రీడాకారిణులకు అకాడమీ కావాలి, కనీస పెట్టుబడి చూపాలి. ఆ లెక్క ఏం చేసిందో చూడండి. 2017-18లో రెండో డివిజన్ గెలిచిన జట్టు డాంకాస్టర్ రోవర్స్ బెల్స్. 1969లో పుట్టి, ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్‌ను భుజాల మీద మోసిన జట్లలో ఒకటి. గెలిచిన జట్టు పైకి వెళ్లాలి. బెల్స్ దగ్గర డబ్బు లేక, పై డివిజన్ మాట అటుంచి, రెండో డివిజన్‌లో కూడా ఉండలేక మూడో శ్రేణికి దిగింది. విజేతగా నిలిచి కిందికి వెళ్లింది. పై డివిజన్‌లోనే ఉన్న సండర్లాండ్ కూడా లైసెన్సు దక్కక మూడో శ్రేణికి పడిపోయింది. అదే సమయంలో మూడో శ్రేణిలో ఆడుతున్న వెస్ట్ హామ్ దరఖాస్తు బాగా ఉన్నందుకు ఒకేసారి రెండు మెట్లెక్కి మొదటి డివిజన్‌కు చేరింది.

మనం చెప్పుకుంటున్న 2021-22 సీజన్‌లోకి సండర్లాండ్, వాట్‌ఫర్డ్ వచ్చిన తీరూ అంతే. కోవిడ్ వల్ల మూడో శ్రేణి సీజన్లు రెండేళ్లు పూర్తికాలేదు. అందుకని దరఖాస్తుల మీద ఆ ఇద్దరినీ పైకి తీసుకున్నారు. 11 జట్ల లీగ్ 12 అయింది అప్పుడే.

కాగితం మీద గెలుపోటములు అక్కడితో ఆగలేదు. 2023లో పై డివిజన్ నుంచి దిగిన రెడింగ్, పురుషుల క్లబ్ ఆర్థిక కష్టాల మధ్య 2024 వేసవిలో రెండో డివిజన్ నుంచి తప్పుకుని ఏకంగా ఐదో శ్రేణిలో తేలింది. దాంతో 2024-25 సీజన్ 11 జట్లతో, 20 ఆటలతో నడిచింది. ఆ సీజన్‌లో అట్టడుగున నిలిచింది షెఫీల్డ్ యునైటెడ్. నిబంధన ప్రకారం దిగాలి. అయితే లైసెన్సుకు కావాల్సిన ప్రమాణాలు అందుకోలేమని బ్లాక్‌బర్న్ రోవర్స్ తప్పుకోవడంతో ఖాళీ ఏర్పడి షెఫీల్డ్ నిలిచిపోయింది. ఆటలో మెరుగ్గా ఆడినవాళ్లు వెళ్లిపోయారు, ఆఖరున నిలిచినవాళ్లు ఉన్నారు.

అదే 2024-25లో పైన జరిగింది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. 2019లో మిల్వాల్ లయనెసెస్ నుంచి విడిపోయి, పురుషుల క్లబ్ నీడ లేకుండా సొంతంగా ఏర్పడిన లండన్ సిటీ లయనెసెస్‌ను అమెరికా వ్యాపారవేత్త మిషెల్ కాంగ్ 2023 డిసెంబరులో కొన్నారు. పెద్ద పేర్లను తెచ్చారు. 2025 మే 4న చివరి ఆట బర్మింగ్‌హామ్ సిటీతో, వాళ్ల మైదానంలో. టైటిల్ ఆ ఇద్దరి మధ్యే. లండన్ సిటీకి డ్రా చాలు, బర్మింగ్‌హామ్ గెలవాలి. మొదట లండన్ సిటీ 2-0 ఆధిక్యంలోకి వెళ్లింది, బర్మింగ్‌హామ్ పుంజుకుని 2-2 చేసింది, అక్కడే ఆగింది. పురుషుల క్లబ్బుతో సంబంధం లేని జట్టు ఒకటి సూపర్ లీగ్‌లోకి ఎక్కడం సంతోషమే. దాని వెనక ఉన్నది కూడా పెట్టుబడే అన్న సంగతి మరవకూడదు. అలాంటి స్వతంత్ర జట్టే అయిన డర్హమ్, 2014 నుంచి ఈ డివిజన్‌లో ఏటా నిలకడగా ఆడుతూ, 2020-21లో రెండో స్థానం దాకా వచ్చి కూడా పై మెట్టు ఎక్కలేదు.

పైకి ఎక్కినంత మాత్రాన నిలబడతారనీ లేదు. 2023లో ఎక్కిన బ్రిస్టల్ సిటీ మరుసటి ఏడాది 22 ఆటల్లో 6 పాయింట్లే తెచ్చుకుని దిగింది. 2024లో తొలిసారి ఎక్కిన క్రిస్టల్ ప్యాలెస్ కూడా ఏడాదికే వెనక్కి వచ్చింది. రెండు డివిజన్ల మధ్య ఉన్నది ఆట తేడా ఒక్కటే కాదు, టీవీ సొమ్ములో 75కూ 25కూ ఉన్న తేడా కూడా.

మన దేశంలో ఈ ప్రయాణం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఇండియన్ విమెన్స్ లీగ్ పుట్టింది 2016-17లో. దానికి రెండో డివిజన్ వచ్చింది 2023-24లో. ఆ తొలి ఏడాదే కోల్‌కతాకు చెందిన శ్రీభూమి, కటక్‌కు చెందిన నీతా ఫుట్‌బాల్ అకాడమీ పై లీగ్‌కు ఎక్కాయి. మన రెండో డివిజన్ మొదటి రోజు నుంచే రెండు జట్లకు దారి ఇచ్చింది, ఈ ఒక్క విషయంలో ఇంగ్లండ్ కన్నా ముందు. పై లీగ్‌లో మాత్రం 2024-25లో ఉన్నవి 8 జట్లే, జట్టుకు 14 ఆటలు, మొత్తం 56. ఆ సీజన్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది ఆమెనే. దేశంలోకెల్లా మేటి అనిపించుకున్న ఆటగత్తెకు కూడా లీగ్‌లో ఆ ఏడాది దొరికినవి 14 ఆటలు. ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో పేరు తెలియని అమ్మాయికి, పన్నెండు జట్లున్న ఏడాదిలో, 22. నైపుణ్యం ఆటల్లోనే పదును తేలుతుంది కాబట్టి, మన దగ్గర ముందు పెరగాల్సిన అంకె అదే.

ఇంగ్లండ్‌లో మళ్లీ పైమెట్టు దగ్గరికి వద్దాం. 2024లో పై రెండు డివిజన్ల నిర్వహణ ఫుట్‌బాల్ సంఘం చేతుల్లోంచి క్లబ్బుల సొంత కంపెనీకి మారింది. ప్రీమియర్ లీగ్ దానికి 2 కోట్ల పౌండ్లు వడ్డీ లేని అప్పుగా ఇచ్చింది. 2025లో రెండో డివిజన్‌కు మళ్లీ పాత పేరు, సూపర్ లీగ్ 2, వచ్చింది. 2026-27 నుంచి పై డివిజన్‌లో 12 బదులు 14 జట్లు ఉండాలని నిర్ణయించారు. దానికోసం 2025-26 సీజన్‌కు నిబంధన మార్చారు. ఆ సీజన్‌లో రెండో డివిజన్ మొదటి రెండు జట్లు నేరుగా ఎక్కాలి. మూడో జట్టు పై డివిజన్‌లో అడుగున నిలిచిన జట్టుతో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాలి, గెలిచినవాళ్లకు చోటు. పన్నెండు జట్లలో ఒక్కదానికి ఉన్న ఆశ మూడింటికి దక్కింది. పట్టికలో నాలుగో ఐదో స్థానంలో ఉన్న జట్టుకు కూడా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకా దేనికోసమో ఆడే వీలు దొరికిందన్నమాట.